వించ్‌కు సింథటిక్ తాడు: చుట్టే ముందు ఇనుమును సిద్ధం చేయండి

నమస్కారం. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ థార్ జీపుకు 9,500 పౌండ్ల లాగుడు బలం ఉన్న వించ్, అంటే దిగబడిన బండిని తాడుతో లాగే మోటారు యంత్రం, పెట్టించుకుని రెండేళ్లయింది. దానితో వచ్చిన ఉక్కు తాడుకు అక్కడక్కడా తీగలు తెగి ముళ్లు తేలాయి. పోయిన వానాకాలం నల్లరేగడిలో దిగబడిన బండిని లాగుతుండగా ఒక ముల్లు చేతి తొడుగును చీల్చుకుని అరచేతిలో దిగింది. అందుకని 10 మి.మీ. మందం, 28 మీటర్ల పొడవు ఉన్న సింథటిక్ తాడు కొన్నారు. ఇంట్లోనే మార్చుకోవచ్చా, బండి ముందు తాడును దారిలో నడిపే పాత రోలర్లు ఉంచుకోవచ్చా, తాడు చుట్టుకునే డ్రమ్ముకు ఎలా బిగించాలి, ఎన్నాళ్లు వస్తుంది అని అడిగారు.

ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఇద్దరు మనుషులు, ఒక పూట సమయం ఉంటే సరిపోతుంది. అయితే ఆ పూటలో ఎక్కువ భాగం ఇనుము మీద, అంటే తాడు తాకే లోహపు భాగాల మీద, ఖర్చు పెట్టండి, తక్కువ భాగం తాడు మీద. పదేళ్లకు పైగా ఈ తాళ్లు వాడుతున్నాను, ఇతరుల బండ్లకు చుట్టి ఇస్తున్నాను. మంచి తాడు కేవలం బరువుకు తెగడం నేను చూడలేదు. తాకిన చోట తెగడం మాత్రం చాలాసార్లు చూశాను. నా మొదటి తాడు కూడా అలాగే పోయింది. ఉక్కు తాడు కోసి గాడులు పెట్టిన పాత రోలర్ల మీదుగానే కొత్త తాడును నడిపించాను. వికారాబాద్ వైపు ఒక వాగు ఒడ్డున రెండో లాగుడుకే, సరిగ్గా రోలరు దగ్గర, కత్తితో కోసినట్లు రెండు ముక్కలైంది. ఆ రోజు ఎవరూ దగ్గర లేకపోవడం మా అదృష్టం.

ఈ తాడు ఏమిటో ముందు చెబుతాను, మిగతా జాగ్రత్తలన్నీ అందులోంచే వస్తాయి. డైనీమా, స్పెక్ట్రా అనేవి ఒకే రకం నారకు రెండు సంస్థల వ్యాపార నామాలు. అది చాలా పొడవైన అణువులున్న పాలిథిలిన్. అంటే మన ప్లాస్టిక్ బకెట్ల కుటుంబమే, కాని అణువులన్నీ ఒకే దిక్కుకు సాగదీసి పేర్చినట్లు ఉంటాయి. 10 మి.మీ. మంచి తాడు తెగే బలం 8 టన్నుల పైమాటే. మామూలు 8 మి.మీ. ఉక్కు తాడుది దాదాపు నాలుగున్నర టన్నులు. 28 మీటర్ల ఉక్కు తాడు ఏడు కిలోలకు పైగా తూగుతుంది, ఈ తాడు ఒకటిన్నర కిలో. నీటిలో తేలుతుంది. కాని ఆ పాలిథిలిన్ స్వభావం పోదు. సుమారు 145 డిగ్రీలకు కరుగుతుంది, 70 డిగ్రీలు దాటినప్పటి నుంచే బలం కోల్పోతూ వస్తుంది. పదునైన అంచు తగిలితే లాగుడు మీద ఉన్నప్పుడు సులువుగా కోసుకుపోతుంది. ఎండకు పైపొర పెళుసెక్కుతుంది.

మీరు కొన్నది అసలైనదేనా అనేది కూడా చూసుకోండి. కొన మీంచి ఒక చిన్న ముక్క నీళ్లలో వేయండి. మునిగితే అది నైలానో పాలియెస్టరో అయ్యుంటుంది, వెంటనే వాపసు ఇవ్వండి. తేలినంత మాత్రాన అసలుదని కాదు, చవక పాలిప్రొపిలిన్ కూడా తేలుతుంది. అసలు నార వేళ్ల మధ్య మైనం రాసినట్లు జారుతుంది, లాగితే సాగదు. సాగే తాడు వించ్‌కు పనికిరాదు. సాగినంత శక్తినీ దాచుకుని, తెగిన క్షణంలో ఒక్కసారిగా వదులుతుంది.

ఇక పని. క్లచ్ లీవరు వదులు చేసి పాత తాడును చేత్తో బయటికి లాగండి, తోలు తొడుగులు తప్పనిసరి. చివరి చుట్ల కింద డ్రమ్ముకు ఒక అలెన్ స్క్రూ కనిపిస్తుంది. తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె కొట్టి అరగంట ఆగండి, బలవంతంగా తిప్పి తల అరగగొట్టుకోవద్దు. డ్రమ్ము దగ్గర చేతులు పెట్టే ప్రతిసారీ రిమోట్ వైరును పీకి జేబులో వేసుకోండి. పక్కన కూర్చున్న పిల్లవాడు కుతూహలంగా ఒక్క మీట నొక్కితే చాలు, వేళ్లు పోతాయి.

తాడు వచ్చేశాక ఖాళీ డ్రమ్మును వెలుతురులో చూడండి. రెండేళ్లు ఉక్కు తాడు నలిగిన డ్రమ్ము మీద కంటికి కనపడని గరుకులు ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి నేను వాడేది దూది ఉండ. డ్రమ్ము మీద, రెండు పక్క పళ్లేల లోపలి ముఖం మీద, స్క్రూ రంధ్రం అంచు చుట్టూ మెల్లగా దూదితో తుడవండి. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ ఆకురాయి పెట్టాలి. పెద్ద గీతలను సన్నటి ఆకురాయితో దించి, 120 నంబరు ఎమరీ పేపర్‌తో, ఆపైన 400 నంబరుతో రుద్దండి. దూది ఎక్కడా పట్టుకోని దాకా వదలవద్దు. తర్వాత కిరోసిన్ గుడ్డతో పాత గ్రీజు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. గ్రీజు మళ్లీ రాయవద్దు, మందంగా రంగు కూడా వేయవద్దు. ఈ తాడు అసలే జారుతుంది, దానికి మనం తోడు కాకూడదు.

రోలర్లు ఉంచవద్దు. ఉక్కు తాడు నడిచిన రోలర్లలో గాడులు ఉంటాయి, పైగా నిలువు రోలరు అడ్డ రోలరు కలిసే మూలలో ఈ మెత్తటి తాడు ఇరుక్కుని నలుగుతుంది. వాటి బదులు అల్యూమినియం హాస్ ఫెయిర్‌లీడ్, అంటే తాడు బయటికి వచ్చే నున్నటి నోరున్న పలక, తీసుకోండి. మీ వించ్ పరిమాణానికి సాధారణంగా బోల్టు రంధ్రాల మధ్య దూరం 254 మి.మీ. ఉంటుంది, కొనే ముందు కొలిచి చూడండి. పలుచటి రేకులా ఉన్నది అందంగా కనిపిస్తుంది కాని తాడును తీవ్రంగా వంచుతుంది. నోటి అంచు ఎంత పెద్ద గుండ్రమైతే తాడుకు అంత సుఖం. ఒకసారి అల్యూమినియం పెట్టాక దాని మీదుగా మళ్లీ ఎప్పుడూ ఉక్కు తాడు నడపవద్దు.

దీనికంటే ముఖ్యమైనది, దాదాపు అందరూ మరిచిపోయేది, ఫెయిర్‌లీడ్ వెనక, తాడు రావడానికి బంపర్‌లో పెట్టిన కోత. మన దగ్గర చాలా బంపర్లు వెల్డింగ్ షాపుల్లో గ్యాస్‌తో కోసి చేసినవే. ముందు నుంచి చూస్తే నున్నటి అల్యూమినియం కనిపిస్తుంది. దాని వెనక రంపపు పళ్లలాంటి ఇనుప అంచు దాగి ఉంటుంది. తిన్నగా లాగినప్పుడు ఏమీ కాదు. పక్కకు వంకరగా లాగినప్పుడు తాడు సరిగ్గా ఆ అంచు మీదికి వస్తుంది. వేలు పెట్టి చుట్టూ తడమండి. కోత ఫెయిర్‌లీడ్ నోటికంటే అన్ని వైపులా కొంచెం పెద్దగా ఉండాలి, అంచు గుండ్రంగా ఉండాలి. గ్రైండరు పట్టి అరగదీయడానికి గంట పట్టినా పట్టనివ్వండి.

డ్రమ్ముకు కొసను బిగించే తీరు తాడును బట్టి మారుతుంది. కొన్నింటి కొసకు లోహపు చెవి ఉంటుంది, దాన్ని చిన్న స్క్రూతో బిగిస్తారు. కొన్ని డ్రమ్ములలో కొసను రంధ్రంలోకి దూర్చి పక్క నుంచి స్క్రూ బిగిస్తారు. మీ వించ్‌తో వచ్చిన కాగితం ఏది చెబితే అది చేయండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: తాడుతో వచ్చిన స్క్రూను పాత స్క్రూ పక్కన పెట్టి పొడవు చూడండి. చాలా వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. స్క్రూ డ్రమ్ము గోడ మందం దాటి లోపలికి పొడుచుకువస్తే తిరిగినప్పుడల్లా లోపలి భాగాలను గీకుతుంది. నాకు తెలిసినవారి వించ్ ఒకటి ఇలాగే కిర్రుమంటూ నెల రోజులు తిరిగి ఆగిపోయింది.

ఆ స్క్రూ బరువు మోయదు. దాని పని కొసను అక్కడ నిలపడం వరకే. బరువు మోసేది చుట్లు. గేదె పలుపును గుంజకు నాలుగు చుట్లు తిప్పి కొసను వేళ్లతో పట్టుకుంటే గేదె ఎంత గుంజినా తాడు కదలదు కదా, ఇక్కడా అదే సూత్రం. ఉక్కు తాడుకు డ్రమ్ము మీద కనీసం 5 చుట్లు మిగలాలి అంటారు. ఈ తాడు జారుడు గుణం వల్ల 10 చుట్లు మిగలాలి. మీ డ్రమ్ముకు అది రెండు మీటర్లకు కొంచెం పైన వస్తుంది. ఆ పదో చుట్టు దగ్గర తాడు మీద ఎర్ర మార్కరుతో అరమీటరు మేర రంగు వేయండి. చీకట్లో, వానలో, తొందరలో చుట్లు లెక్కపెట్టేవారు ఉండరు. ఎరుపు కనపడితే ఆగాలి, అంతే.

చుట్టే దిక్కు తప్పవద్దు. దాదాపు అన్ని వించ్‌లలో తాడు డ్రమ్ము అడుగు నుంచి బయటికి రావాలి. పై నుంచి వచ్చేలా చుడితే మోటారు తిరుగుతుంది, బండి కదులుతుంది, అంతా బాగానే ఉన్నట్లు అనిపిస్తుంది. కాని బ్రేకు ఒక దిక్కుకే పట్టు ఇస్తుంది. మీట వదిలిన క్షణాన బండి వాలులో నిలబడదు.

మొదటి చుట్లు చేత్తో, ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా వేయండి. మొదటి చుట్టును విద్యుత్ టేపుతో పట్టి ఉంచితే పని తేలిక. తాడుతో వేడి ఆపే తొడుగు వచ్చి ఉంటే అది ఈ మొదటి వరస మీదే ఉండాలి. పది చుట్లు పడ్డాక మిగతాది చేత్తో చుట్టడం మానేయండి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. గాలిపటం దారాన్ని చరఖాకు వదులుగా చుట్టి పైకి ఎగరేస్తే ఏమవుతుందో పిల్లలకు కూడా తెలుసు: పై పోగు కింది పోగుల మధ్యలోకి దిగిపోయి ఇరుక్కుంటుంది. వదులుగా చుట్టిన వించ్ తాడు కూడా మొదటి పెద్ద లాగుడుకే కింది వరసల్లోకి కోసుకుని దిగుతుంది. తర్వాత బయటికి రాదు. బలవంతాన లాగితే నార నలిగిపోతుంది.

కాబట్టి బరువు మీద చుట్టాలి. కొంచెం ఎత్తుకు పోయే, ఖాళీగా ఉన్న మట్టి దారి చూసుకోండి. ఎగువన ఒక గట్టి చెట్టుకు వెడల్పాటి పట్టీ కట్టి, తాడు కొసను దానికి తగిలించండి. బండి న్యూట్రల్‌లో, ఇంజిను నడుస్తూ ఉండాలి. లోపల ఒకరు కూర్చుని కాలి బ్రేకును తేలికగా అదిమి ఉంచాలి. తాడు మీద దాదాపు 225 కిలోల లాగుడు పడితే సరిపోతుంది. కొలమానం లేకపోయినా వించ్ శబ్దం బట్టి తెలుస్తుంది, మోటారు మూలగకూడదు, ఉత్త తిరుగుడూ కాకూడదు. మూడు నాలుగు మీటర్లకు ఒకసారి ఆపండి, దిగి చూడండి. చుట్టు పక్కకు పోతుంటే కొంచెం వదిలి మళ్లీ చుట్టండి. తిరుగుతున్న తాడును చేత్తో సర్దవద్దు. చివరి మీటరు వచ్చినప్పుడు కొక్కేన్ని వేళ్లతో పట్టుకోకుండా దానికి ఒక పట్టీ ముక్క తగిలించి దాన్ని పట్టుకోండి. పై వరసలను కావాలనే కొంచెం ఏటవాలుగా, అడ్డదిడ్డంగా చుడితే కింది వరసల్లోకి దిగవు. నేను చివరి రెండు వరసలు అలాగే చుడతాను.

మీ తాడు పొడవు గురించి ఒక లెక్క చెబుతాను. 63 మి.మీ. డ్రమ్ము, 230 మి.మీ. వెడల్పు అనుకుంటే 10 మి.మీ. తాడు మొదటి వరసలో దాదాపు 5 మీటర్లు పడుతుంది, 28 మీటర్లకు నాలుగు వరసలు అవుతాయి. వించ్ మీద రాసిన 9,500 పౌండ్లు, అంటే దాదాపు 4,300 కిలోలు, మొదటి వరసకు మాత్రమే వర్తిస్తుంది. వరస పెరిగేకొద్దీ చుట్టు పెద్దదై బలం తగ్గుతుంది, నాలుగో వరసలో 60 శాతం దగ్గరికి వస్తుంది. అందుకే దగ్గరి చెట్టుకు కట్టి లాగితే వించ్ బలహీనంగా ఉన్నట్లు అనిపిస్తుంది. తాడు ఎక్కువగా బయటికి వచ్చేలా దూరపు చెట్టు ఎంచుకోండి, లేదా గిలక, అదే స్నాచ్ బ్లాక్, పెట్టి తాడును మడిచి తెచ్చి బండికే తగిలించండి. బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. పాత ఉక్కు తాడు నడిచిన గిలక అయితే దానికీ దూది పరీక్ష చేయాలి. చుట్టడం అయ్యాక తాడు పక్క పళ్లేల అంచుకు ఇంకా కొంత కిందే ఉండాలి. నిండుగా అంచుదాకా వస్తే ఒకటి రెండు మీటర్లు కోసేయండి, బాధపడవద్దు.

వేడి సంగతి ఇప్పుడు. లోపలికి లాగేటప్పుడు బ్రేకు పెద్దగా వేడెక్కదు. బరువు వేలాడుతుండగా తాడును మోటారుతో బయటికి వదిలేటప్పుడు బ్రేకు రాసుకుంటూ తిరుగుతుంది. ఆ వేడి డ్రమ్ముకు, అక్కడి నుంచి మొదటి వరస తాడుకు పాకుతుంది. ఘాట్ వాలులో బండిని వించ్‌తో దించవలసి వస్తే మీటరో రెండు మీటర్లో దించి ఆపండి, డ్రమ్ము చల్లబడనివ్వండి. తాడు మీద ఎక్కడైనా గాజులా మెరుస్తూ గట్టిపడిన మచ్చ కనిపిస్తే అక్కడ నార కరిగిందని అర్థం. ఆ భాగం ఇక పనికిరాదు.

ఎన్నాళ్లు వస్తుందనేది మీ చేతుల్లో ఉంది. ఎండలో ఏడాది పొడవునా నిలబడే బండికి తాడు మీద తొడుగు లేకపోతే త్వరగా పోతుంది. కాన్వాసు గుడ్డతో డ్రమ్ముకు సరిపడే మూత కుట్టించండి, దర్జీ దగ్గర గంట పని. ఎండకంటే నేను ఎక్కువ భయపడేది ఇసుకకు. గోదావరి ఇసుక తిన్నెల్లో, సూర్యలంక తీరంలో తిరిగి వస్తే రేణువులు అల్లిక లోపలికి చేరి, ప్రతి లాగుడుకూ నారను లోపలి నుంచి కోస్తాయి. బయటికి ఏమీ కనపడదు. అలాంటి ప్రయాణం తర్వాత తాడంతా విప్పి, బకెట్ నీళ్లలో కొంచెం బట్టల సబ్బు వేసి పిసికి కడగండి, రెండుసార్లు మంచినీళ్లలో జాడించి నీడలో ఆరబెట్టండి, మళ్లీ బరువు మీద చుట్టండి. మా ప్రాంతపు గ్రానైటు బండలైతే వాటి మీద తాడు ఆనే చోట పాత అగ్నిమాపక గొట్టం ముక్క తొడుగుతాను. ఇంతకంటే మంచి తొడుగు నాకు దొరకలేదు.

కడిగేటప్పుడే తాడంతా వేళ్ల మధ్య నడిపించి చూడండి. పైన సన్నటి నూగు లేవడం సహజం. అది లోపలి నారను కాపాడుతుంది, దాన్ని లైటరుతో కాల్చవద్దు. మీ తాడు 12 పేటల జడలా అల్లినది, మధ్యలో బోలుగా ఉంటుంది. ఒక పేట పూర్తిగా తెగితే అక్కడ కోసి అతకాలి. ముడి వేసి నెట్టుకురావద్దు. ముడి దగ్గర బలం సగానికి పడిపోతుంది, జారుడు నార కాబట్టి ముడి ఊడిపోయే ప్రమాదమూ ఉంది. అతుకు పద్ధతి తేలికే: కొసను వెనక్కి మడిచి లేదా రెండు కొసలను ఎదురెదురుగా తెచ్చి, ఒక్కొక్కటీ బోలు అల్లిక లోపలికి పొడవుగా దూర్చాలి. లాగుడు పెరిగేకొద్దీ పైఅల్లిక లోపలి కొసను బిగించి పట్టుకుంటుంది. దూర్చే పొడవు మందానికి 72 రెట్లు, అంటే మీ తాడుకు 72 సెంటీమీటర్లు. కొసను ఒక్కసారిగా మొద్దుగా వదలకుండా కొన్ని పేటలు తప్పించి సన్నబరచాలి, చివర దారంతో కుట్టాలి. రెండు మీటర్ల తాడు ముక్క మీద ఇంట్లో నాలుగైదు సార్లు చేసి చూసుకుంటే అడవిలో చేయి వణకదు. ఉక్కు తాడును అడవిలో ఇంత తేలికగా అతకలేం, నేను ఈ తాడును ఇంతగా ఇష్టపడటానికి మొదటి కారణం ఇదే.

ఇది తెగినా ఏమీ కాదు అని చెప్పేవారి మాట నమ్మవద్దు. ఉక్కు తాడులా కొరడాలా వెనక్కి కొట్టదు, నిజమే. కాని దాని చివర ఉన్న కొక్కెం, షాకిల్ అనే కొండీ ఇనుమే కదా, అవి ఎగురుతాయి. అందుకే వీలైన చోట తాడుతోనే అల్లిన సాఫ్ట్ షాకిల్ వాడండి, తాడు మధ్యలో బరువైన గోనెపట్టానో, తెగిన తాడును అణిచే డ్యాంపరునో వేయండి, ట్రైలరు తగిలించే గుండుకు, అదే టో బాల్‌కు, ఎప్పుడూ తగిలించవద్దు. మన ఊళ్లలో బండి దిగబడితే పది నిమిషాల్లో ముప్పై మంది పోగవుతారు, పిల్లలే ముందుంటారు. వాళ్లను తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరానికి పంపించిన తర్వాతే మీట నొక్కండి. ఎవరేమనుకున్నా గట్టిగా చెప్పండి.

బంపర్ గురించి మరో మాట. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ బండ్ల ముందు బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్‌ల మీద చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమైన మార్పులకు జరిమానా పడవచ్చు. మీరు బంపర్ కోత సరిచేయించేటప్పుడు ముందుకు పొడుచుకువచ్చే గొట్టాలేవైనా ఉంటే అవి కూడా తీయించేయడం మంచిది.

చివరగా, మీ బావగారి పొలం బండికి కూడా ఇదే వేయించాలా అన్నారు. అక్కడ రోజూ దుంగలు, రాళ్లు ఈడుస్తారు, కడిగే తీరిక ఎవరికీ ఉండదు, బండి ఎండలోనే ఉంటుంది. ఆ పనికి ఉక్కు తాడే ఉంచండి, కొత్తది వేయించి మందపాటి తోలు తొడుగులు ఇవ్వండి.

మీ బండి మాత్రం ఈ ఆదివారమే మొదలుపెట్టండి. రోలర్లు విప్పాక వాటి వెనక కనిపించే బంపర్ కోత అంచు, ఖాళీ డ్రమ్ము, కొత్త స్క్రూ పక్కన పాత స్క్రూ, ఈ మూడింటి ఫోటోలు పెట్టండి. తాడు చుట్టకుండా ఆగండి, చూసి ఆ సాయంత్రమే జవాబు రాస్తాను.